బురుల్చా వదిన వేటకు వెళ్ళని చలికాలం

మా వదిన బురుల్చా కోడలిగా మా ఇంట అడుగుపెట్టిన రోజున, ఆమె వెంట వచ్చిన పరుపుల మూటల మధ్య పొడవాటి కంబళి చుట్ట ఒకటి ఉంది. పెళ్ళికి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కో మూటే విప్పుతూ, కుట్లు చూసి మెచ్చుకుంటూ, రంగులు చూసి వంకలు పెడుతూ ఆ చుట్ట దాకా వచ్చారు. విప్పితే లోపల తుపాకి. వదిన వాళ్ళ నాన్నది. మా అమ్మ ఉల్బూబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కోడల్ని అడిగితే సిపాయిని పంపారేంటమ్మా!" అంది. ముసుగు వెనక నుంచి కొత్త కోడలి నవ్వు పైకే వినిపించింది. కొత్త కోడలు అలా నవ్వకూడదు. ఆ నవ్వు గురించి మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తుపాకి తెచ్చుకుందని ఆమెను వీరనారి అనుకోనక్కర్లేదు. మా ఊరి బడిలో వంట చేస్తుంది. తెల్లారి ఆవుల పాలు పితికి, రొట్టెల పిండి పిసికి, బడికెళ్ళి పిల్లలకు మాంసం పులుసు కాచి, సాయంత్రానికి మళ్ళీ ఆవుల దగ్గరికి వస్తుంది. కాస్త లావు మనిషి. నెమ్మదిగా నడుస్తుంది. టీ పోస్తూ కూనిరాగం తీస్తుంది. కోడలు అత్తింటివాళ్ళ పేర్లు నోటితో పలకకూడదు కాబట్టి మా అందరికీ తనే పేర్లు పెట్టుకుంది. ఎప్పుడూ పుస్తకంలో ముఖం దాచుకుంటానని నన్ను 'కాగితం పిల్ల' అంటుంది. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే మా అన్న తెమిర్కుల్‌ని 'మీటరు' అంటుంది. వేటగాళ్ళ పెద్ద ఇమానాలి తాత ఆమెకు 'పెద్ద గురి'. తాత గురి తప్పడం మొదలై చాలా కాలమైనా ఆ పేరు మాత్రం మార్చలేదు.

మాది గొర్రెల ఊరు. మంచు దట్టంగా పడ్డాక కొండ మీద తిండి దొరక్క తోడేళ్ళు కిందికి దిగుతాయి. అప్పుడు మగవాళ్ళు గుర్రాలెక్కి, కొండను వెనకనుంచి చుట్టి, రేకు డబ్బాలు వాయిస్తూ కేకలు పెడుతూ వాటిని తరుముతారు. ఇవతలికి రావడానికి ఒకటే ఇరుకు దారి ఉంది. దాని మూతి దగ్గర రాతి చాటున గురి తప్పని మనిషి ఒకరు పడుకుని కాచుకోవాలి. ఒకప్పుడు ఆ చోటు ఇమానాలి తాతది. వదిన వచ్చిన రెండో చలికాలంలో తాత ఆమెను పిలిచి, దూరంగా కంచె మీద ఎండు పిడక నిలబెట్టి కొట్టమన్నాడు. పిడక ఎగిరిపోయింది. తాత ఇంట్లోకెళ్ళి, తాను పడుకునే గొర్రెచర్మపు చాప తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. అప్పట్నుంచీ ఆ చాపా, ఆ చోటూ మా వదినవే.

ఆమెకు లేనిదల్లా బిడ్డ. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. రెండోసారి తర్వాత ఆమె కూనిరాగం చాలా రోజులు ఆగిపోయింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. మా అమ్మ మాత్రం ప్రతి గురువారం నూనెలో పిండి వంటలు వేయించి, పోయిన పెద్దల పేరు చెప్పి, ఆ పొగలో ఏదో గొణుక్కునేది. ఏం గొణిగేదో అందరికీ తెలుసు.

నేను నగరంలో పై చదువు చదువుతూ, చలికాలం సెలవులకు ఇంటికొచ్చిన ఆ ఏడాది, వదినకు ఐదో నెల నిండింది. ఏ కడుపూ అంతవరకూ నిలవలేదు. నిండుగా పాలు పోసిన గిన్నె మోస్తున్నట్టు నడుస్తోంది. గడప దాటేటప్పుడు కూడా ఒక చెయ్యి కడుపు మీదే ఉంటోంది.

ఆ వారమే తోడేళ్ళు దిగాయి. పక్కింటివాళ్ళ దొడ్డిలో దూరి గొర్రెల్ని చీల్చేశాయి. మర్నాడు ఇమానాలి తాత మా ఇంటికొచ్చాడు.

"ఉల్బూబూ, నేను నీ కోడల్ని పిలవడానికి రాలేదు," అన్నాడు కూర్చోకముందే.

"పిలవడానికి రానివాడివి తుపాకి భుజానేసుకుని ఎందుకొచ్చావయ్యా?" అంది అమ్మ.

"టీ తాగి పోదామని."

"మీ ఇంట్లో టీ ఆకు అయిపోయిందా?"

తాత మీసం తుడుచుకుని కూర్చున్నాడు. వదిన టీ పోసి ఇచ్చింది. వేట మాట చివరికి మా అన్నే మొదలుపెట్టాడు.

"గుర్రం ఎక్కడం కుదరదు తాతా. ఆ మంచులో గుర్రం జారిందంటే?"

"ఆ పిల్ల ఏనాడైనా జారిందట్రా? పెళ్ళినాడు జారిపడ్డది నువ్వు," అన్నాడు తాత.

"సరే, గుర్రం జారకపోనీ. తుపాకి వెనక్కి తన్నదా?"

"తన్నేది భుజాన్ని కదరా, కడుపునా?"

"అదంతా కాదు," అంది అమ్మ. "తోడేలు కళ్ళలోకి చూస్తే ఆ చూపు కడుపులో బిడ్డకు తగుల్తుంది. పైగా ఆ మోత! అంత మోతకి పెద్దదాన్ని నాకే గుండె జారుతుంది. వేలెడంత పిల్లకి ఎట్టా ఉంటుంది?"

తాతకు ఇది నచ్చలేదు. "మా అమ్మ నన్ను కడుపులో పెట్టుకుని ఆ చలికాలమంతా కొండపక్షుల్ని కొట్టింది. నేను పుట్టిన రోజు పొద్దున కూడా పేల్చిందంట. ఏమైంది నాకు? చెప్పు, ఏమైంది?"

"ఏమైందో నువ్వే చెప్పాలి," అంది అమ్మ కాస్త మెల్లగా.

"ఆఁ?" అన్నాడు తాత, చెవి వెనక చెయ్యి పెట్టుకుని.

అన్న టీ గుటక పొలమారి బయటికి పరుగెత్తాడు. నేను పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. అమ్మ ముఖం తిప్పుకుంది. తాత మా అందరినీ అనుమానంగా చూస్తుండగా వదిన లేచింది. లోపలి గదిలోంచి గొర్రెచర్మపు చాప తెచ్చి, మడత పెట్టి, ఆయన ముందు పెట్టింది.

"నేను రావట్లేదు, పెద్ద గురీ," అంది. "మీ అమ్మగారు పేల్చి మిమ్మల్ని కన్నారు. ఆవిడ ధైర్యం ఆవిడది. నాకు రెండుసార్లు పోయింది. మూడోసారి కూడా పోతే, ఆ రాతి చాటున పడుకున్న రోజే గుర్తొస్తుంది నాకు, బతికినన్నాళ్ళూ. తుపాకి ఇచ్చి మీటరుని పంపుతాను, తీసుకెళ్ళండి."

"నన్నా?" అన్నాడు అప్పుడే లోపలికొచ్చిన అన్న.

తాత చాప తీసి చంకలో పెట్టుకున్నాడు. "సరే తల్లీ. నీ చోటు నీకే ఉంటుంది," అని లేచాడు.

వదిన కొండకు వెళ్ళడం అలా ఆగింది. గుర్రం లేదు, తుపాకి లేదు, మంచులో నడక లేదు. అమ్మకు ప్రాణం లేచొచ్చింది. కానీ అక్కడితో అయిపోలేదు. మాలో కడుపుతో ఉన్న ఆడదానికి ఏదైనా మీద మనసు పుడితే, దాన్ని 'తల్గాక్' అంటారు. అది తీర్చి తీరాలి. తీర్చకపోతే బిడ్డకు లోటని భయం. ఒకామెకు పుల్లటి పెరుగు, ఇంకొకామెకు అడవి ఉల్లి. ఒకావిడకు పొరుగింటి పొయ్యి మీద వేగిన కాలేయం తప్ప ఇంకేదీ దిగలేదంటారు. మా వదినకు పుట్టిన కోరిక అలాంటిది కాదు. ఆమె చాలా సిగ్గుపడుతూ చెప్పింది.

"అపా, నాకు కాలిన తుపాకి మందు వాసన కావాలి."

అత్తగారిని 'అపా' అనే పిలుస్తుంది. అమ్మ ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత శాలువా కప్పుకుని ఊరంతా తిరిగింది. "మా కోడలికి తల్గాక్ వచ్చింది, కాల్చేసిన తూటాల డొప్పలుంటే ఇవ్వండి," అని ఇంటింటా అడిగి, కొంగు నిండా తెచ్చి పోసింది. వదిన ఒక్కో డొప్ప తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. వాటిని ఊరంతా నవ్వుకుంటూ ఇచ్చింది గానీ, ఇవ్వనివాళ్ళెవరూ లేరు.

అమ్మకు ఇంకో మంచి ఆలోచన తట్టింది. వేటకు కావలసిన సీసపు గుళ్ళు మా ఊళ్ళో కొనరు. పాత బ్యాటరీల్లోంచి సీసం తీసి, కరిగించి, అచ్చుల్లో పోసుకుంటారు. ఆ పని ఇమానాలి తాత తన పాకలో చేసేవాడు. వయసుతో ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. "ఆ పని మా ఇంట్లో పెట్టించు," అంది అమ్మ ఆయనతో. "ఆ పొగ వాసనతో పిల్లకి కోరికా తీరుతుంది, పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చుని ఉంటుంది, కాలు కదపక్కర్లేదు. కూర్చుని చేసే పని కంటే క్షేమమైనది ఏముంది?"

ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. నాకూ కనిపించలేదు. వేటగాళ్ళు సీసం పలకలు తెచ్చి గుమ్మంలో దించి వెళ్ళారు. చలి రాకుండా కిటికీల సందుల్లో గుడ్డ కుక్కి, పైన కాగితం అంటించిన వంటగదిలో, ఇనప పొయ్యి మీద గరిట పెట్టి వదిన సీసం కరిగించేది. బూడిదరంగు పలక మెత్తబడి, ముడతలు పడి, ఉన్నట్టుండి వెండిలా మెరిసేది. అచ్చులో పోసి, తట్టి, గుండ్రటి గుళ్ళను ఒళ్ళో గుడ్డలోకి దొర్లించుకునేది. అదే చేత్తో రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకునేది. కూనిరాగం మళ్ళీ మొదలైంది. నేను పక్కన కూర్చుని చదువుకుంటుంటే, "కాగితం పిల్లా, పైకి చదువు, నీ మేనకోడలు కూడా వింటుంది," అనేది. ఇల్లంతా సంతోషంగా ఉంది. ఇంటినుంచే వేటాడుతున్నానని ఆమె అనేది.

ఒకరోజు మధ్యాహ్నం, పక్కింటతను నక్కను బెదిరించడానికి మా కంచె పక్కనే గాలిలోకి ఒకటి పేల్చాడు. వదిన చేతిలో గరిట జారింది. కడుపు పట్టుకుని గోడకు ఆనుకుంది.

"ఎగిరిపడింది," అంది. ముఖంలో రక్తం లేదు. "అపా, లోపల ఒక్కసారిగా ఎగిరిపడింది."

అమ్మ వెంటనే అన్ననూ నన్నూ పిలిచింది. మాలో ఎవరైనా జడుసుకుంటే తల మీద సీసం పోసి భయం తీస్తారు. మనిషిని కూర్చోబెట్టి, తల పైన గుడ్డ గొడుగులా పట్టుకుని, దాని మీద చన్నీళ్ళ గిన్నె పెట్టి, కరిగిన సీసం అందులో పోస్తారు. అది చుయ్యిమని గడ్డకట్టిన ఆకారంలో భయపెట్టినది కనబడుతుందని నమ్మకం. నీళ్ళు కాసిని తాగిస్తారు కూడా. మాలో ఈ పని చేయించుకోని పిల్లల్లేరు. అన్న గుడ్డకు ఒక కొస, నేను ఒక కొస పట్టుకున్నాం. అమ్మ గరిట ఎత్తింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఊరి ఆసుపత్రి నర్సు నాజిపా ఎజే వచ్చింది. వయసులో పెద్దది గనుక అందరూ ఆమెను 'ఎజే' అంటారు, అంటే అక్క. నెలకోసారి వదిన రక్తపోటు చూడటానికి వస్తుంది. తక్కువ మాట్లాడుతుంది. ఆమె సంచీ చప్పుడు వింటేనే పిల్లలు పాకల్లో దాక్కుంటారు.

ఆమె ఒకసారి గరిట చూసింది. కిటికీలకు అంటించిన కాగితం చూసింది. పొయ్యి పక్కన గుళ్ళ గంప చూసింది.

"ఉల్బూబు ఎజే, అది బయట పెట్టండి," అంది.

"భయం తీస్తున్నానమ్మా. పేల్చిన మోతకి బిడ్డ జడుసుకుంది."

"ముందు బయట పెట్టండి. తర్వాత చెప్తాను. నువ్వు లేచి ముందు గదిలోకి పో, బురుల్చా. తెమిర్కుల్, కిటికీలు తెరువు. ఆ కాగితం చించు."

"చలి..."

"తెరవమన్నానా!"

అన్న ఎప్పుడూ అంత తొందరగా పని చేయలేదు. నాజిపా ఎజే కోటు విప్పకుండానే వదిన ఎదురుగా కూర్చుంది. ఎన్నాళ్ళనుంచి ఈ పని, చేతులు కడుక్కుని తింటోందా, గిన్నెలు వేరేవేనా అని అడిగింది. వదిన సమాధానాలు వింటూ పెదవులు బిగించింది.

"కొండకు పోవద్దని మీకెవరు చెప్పారు?" అంది చివరికి.

"మేమే అనుకున్నాం," అంది అమ్మ.

"పేల్చడం మానడం మంచిదే. ఐదో నెల దాటాక లోపల బిడ్డకు వినబడుతుంది. తల్లి చెవులు మూసుకున్నంత మాత్రాన కడుపుకు మూత ఉండదు. గుర్రం మానడమూ మంచిదే, పడితే ప్రమాదం. కానీ ఇవాళ్టి మోత ఒక్కసారిది. బిడ్డ ఎగిరిపడిందంటే బాగా వింటోందని సంతోషించండి. అసలు ప్రమాదం మీరు పొయ్యి మీద పెట్టి, కిటికీలు మూసి, రోజూ ఆమె చేత పీల్పించారు. సీసం విషం ఎజే. పొగలో ఉంటుంది, దుమ్ములో ఉంటుంది, చేతులకు అంటుకుని రొట్టెలోకి పోతుంది. తల్లి రక్తంలోంచి నేరుగా బిడ్డలోకి దిగుతుంది. ఎదిగే మెదడుకు అంతకంటే చెడ్డది లేదు."

తెరిచిన కిటికీలోంచి చలిగాలి లోపలికి వస్తోంది.

"బిడ్డకేమైనా అయిందా?" అని అడిగింది వదిన. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం ఒళ్ళో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

"తెలీదు," అంది నాజిపా ఎజే. "అబద్ధం చెప్పను. రక్తం తీసి రాజధానికి పంపుదాం. అది చెప్తుంది."

అమ్మ అప్పటికి గరిట బయట మంచులో పెట్టి వచ్చి, గుమ్మంలోనే కూలబడిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది. "నేనే," అంది. "ఊరంతా తిరిగి నేనే తెచ్చిపెట్టాను. తోడేలు కంటే నేనే..."

వదిన లేచి వెళ్ళి ఆమె పక్కన నేలమీద కూర్చుంది. అంత బరువుతో కూర్చోవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

"అపా, మీరు తెచ్చారు, నేను కరిగించాను, మీటరు గాలి రాకుండా కాగితం అంటించాడు. ఎవరి వాటా వాళ్ళు తీసుకుందాం. అంతా మీరొక్కరే తీసుకుంటే మాకేం మిగులుతుంది?" అంది. అమ్మ ఏడుస్తూనే ఆమె భుజం మీద ఒకటి వేసింది.

ఆ మర్నాటి నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. నాజిపా ఎజే చీపురు పట్టొద్దంది, దుమ్ము లేస్తుందని. తడిగుడ్డతో గోడలు, నేల, గిన్నెలు, పొయ్యి వెనక సందులు, అన్నీ తుడిచాం. వదిన కంబళ్ళు, బట్టలు బయటికి మోసి వేరుగా ఉతికాం. ముక్కు దగ్గర పెట్టుకున్న డొప్పలన్నీ అన్న మూట గట్టి ఎక్కడో పారేశాడు. వదినను బంధువుల ఇంటికి పంపారు. అక్కడికి అమ్మ రోజూ పెరుగు కుండతో వెళ్ళేది. "పాలూ పెరుగూ లేకపోతే బిడ్డ తనక్కావలసిన కాల్షియం తల్లి ఎముకల్లోంచి లాక్కుంటుంది, ఎముకల్లో దాక్కున్న సీసం కూడా దాంతో వస్తుంది," అని నాజిపా ఎజే చెప్పింది మొదలు అమ్మకు పెరుగు తప్ప వేరే ధ్యాస లేదు. కాలేయం, ఆకుకూరల ఊరగాయ, ఎండు పండ్లు, ఏది ఒంటికి బలమంటే అది. వదిన వద్దన్నా ఊరుకునేది కాదు.

"అపా, నేను దూడనా?"

"దూడవైతే ఇంత మాట్లాడవు. తాగు."

ఇమానాలి తాత పాకకు కూడా నాజిపా ఎజే వెళ్ళింది. సీసం ఆరుబయటే, గాలి వాలు చూసుకుని, పిల్లలు దరిదాపుల్లో లేనప్పుడే కరిగించాలని చెప్పింది. తూటాలు నింపేటప్పుడు గుళ్ళు పళ్ళ మధ్య పట్టుకోవడం ఆయనకు అలవాటు. "అరవై ఏళ్ళు నోట్లో పెట్టుకున్నాను, ఏమైంది?" అన్నాట్ట. ఆమె ఆయన పెళ్ళాం వైపు తిరిగి, "మీరు చెప్పండి ఏమైందో," అందిట. ఆమె చాలానే చెప్పింది. వినబడనట్టు ఉండటం ఆ రోజు తాతకు బాగా పనికొచ్చింది.

రక్తం ఫలితం వచ్చింది. ఉండకూడనంత ఉంది. కానీ మరీ హద్దు మీరలేదు. ఇక ముట్టకుండా ఉంటే తగ్గుతుంది, తర్వాత మళ్ళీ చూద్దామని రాజధాని డాక్టర్లు రాశారు. బిడ్డ సంగతి పుట్టాకే తెలుస్తుందన్నారు. ఆ మాటతో మేమంతా తర్వాతి నెలలన్నీ బతకాల్సి వచ్చింది.

ఈలోగా తోడేళ్ళు ఎవరి కోసమూ ఆగలేదు. ఇంకో రెండు దొడ్లు పాడుచేశాయి. వాయిదా పడుతూ వచ్చిన వేటకు చివరికి రోజు కుదిరింది. వదిన నాజిపా ఎజేను అడిగింది.

"ఎజే, కొండకు అసలు పోకూడదా?"

"పేల్చనంటే, గుర్రం ఎక్కనంటే, జారని దారిలో నడిచి పోతానంటే, నడవడానికేం? నడక మంచిదే. పేల్చే చోటికి మాత్రం బాగా దూరంగా ఉండాలి. ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి."

"కాగితం పిల్ల పట్టుకుంటుంది."

అలా నేను జీవితంలో మొదటిసారి వేటకు వెళ్ళాను. ఏటికి ఇవతల, ఇరుకు దారి మూతి కనబడేంత దూరంలో, ఎండ పడే దిబ్బ ఒకటుంది. ఇద్దరం ఆగి ఆగి దాని మీదికి ఎక్కాం. వదిన మెడకున్న ఎర్ర శాలువా విప్పి చేతికి చుట్టుకుంది. ఎదుటి కొండ మీద తోడేళ్ళు ఎటు వస్తే అటు శాలువా ఊపుతుందని, రాతి చాటున పడుకున్న అన్న అది చూసి తుపాకి తిప్పుకోవాలని ముందే అనుకున్నారు. గురి చూడటం అన్నకు వదిన నేర్పింది. నాలుగు రోజులు ఊరవతలికెళ్ళి పిడకల మీద అభ్యాసం చేశాడు. పిడకలన్నీ క్షేమంగానే ఉన్నాయి.

దూరంగా డబ్బాల మోత మొదలైంది. మంచు మీద మూడు చుక్కలు కదిలాయి. నాకు చుక్కలుగానే కనబడ్డాయి. వదినకు అన్నీ కనబడ్డాయి.

"ముందున్నది ముసలి ఆడది. ఎడమకి లాగుతుంది చూడు. అది ఇరుకు దారి నుంచి రాదు, ఎప్పుడూ రాదు. వెనక రెండు కుర్రవి, తొందరపడుతున్నాయి." శాలువా ఎడమకు ఊపింది. "మీటరూ, ఎడమకి! ఎడమకయ్యా! అయ్యో, అది కుడి!"

ఆమె చెయ్యి నా చేతిని నొక్కింది. దూరంగా ఠప్పుమంది. మాకు చేరేసరికి అది చెట్టుకొమ్మ విరిగినంత చప్పుడు. మంచు మీద ఒక రాయి పగిలి పొగలా లేచింది. మూడు తోడేళ్ళూ వెనక్కి తిరిగి, కొండ శిఖరం దాటి అవతలి లోయలోకి పారిపోయాయి. ఇంకో తూటా కూడా పేలింది. అది ఎటు పోయిందో ఎవరికీ తెలీదు.

వదిన నిలబడలేక దిబ్బ మీదే కూర్చుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "రాయిని కొట్టాడు! పాపం, ఆ రాయి ఏం చేసింది!" అంది. ఉన్నట్టుండి ఆగి నా చెయ్యి తన కడుపు మీద పెట్టింది. లోపల మెల్లగా ఏదో తిరిగింది. "నిద్రలేచింది. భయపడలేదు," అంది.

ఆ చలికాలం తోడేళ్ళు మళ్ళీ మా ఊరివైపు రాలేదు. దానికి ఇమానాలి తాత చెప్పే కారణం, అంత ఘోరంగా పేల్చేవాడిని అవి ముందెప్పుడూ చూడలేదని. అన్న దానికి కూడా గర్వపడతాడు.

వసంతంలో వదిన రక్తం మళ్ళీ చూశారు. తగ్గింది. గొర్రెలకు పిల్లలు పుట్టే రోజుల్లో వదినకు ఆడపిల్ల పుట్టింది. నేనూ సెలవు పెట్టి నగరం నుంచి వచ్చాను. పిల్ల బొద్దుగా ఉంది, గొంతు పెద్దది. ఇమానాలి తాత పిల్ల చెవిలో మూడుసార్లు పేరు పలికాడు. బార్చిన్. ఆయన మామూలుగా పలికితేనే వీధి చివర దాకా వినబడుతుంది గనుక, ఊరంతటికీ పేరు ఒకేసారి తెలిసిపోయింది. పిల్ల ఉలిక్కిపడి ఆయన వైపు తిరిగింది. "వింటోంది, వింటోంది," అన్నాడు తాత.

కానీ పిల్ల రక్తం కూడా రాజధానికి వెళ్ళింది. ఆ ఫలితం రాలేదు. అమ్మ బయటికి బాగానే ఉండేది. పిల్లకు పాలు పట్టే వేళ మాత్రం ఉయ్యాల దగ్గర కూర్చుని పసి ముఖాన్ని అలా చూస్తూనే ఉండేది. వేళ్ళు ముడుస్తోందా, కళ్ళు తిప్పుతోందా, అందరు పిల్లల్లాగానే ఉందా అని. వదిన అది చూసేది. తన టీ గిన్నె ఆమె వైపు జరిపేది.

ఒకరోజు పొద్దెక్కాక నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. తల్లి వదిలేసిన గొర్రెపిల్లకు అమ్మ సీసాతో పాలు పడుతోంది. గేటు బయట ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు. చూస్తే నాజిపా ఎజే. ఆమె పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

"సుయుంచు!" అని అరిచింది గేటు దగ్గర్నుంచే. "ఉల్బూబు ఎజే, సుయుంచు!"

మంచి కబురు తెచ్చినవాళ్ళే ఆ మాట అరుస్తారు. విన్నవాళ్ళు కానుక ఇవ్వాలి. అమ్మ చేతిలో సీసా కిందపడింది. నాజిపా ఎజే గేటు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ చెప్పింది. పిల్ల రక్తం శుభ్రంగా ఉంది. డాక్టరు ఫోన్ చేశాడు. భయపడాల్సిందేమీ లేదు.

అమ్మ చుట్టూ చూసింది. ఏదో ఒకటి ఇవ్వాలి, అప్పుడే ఇవ్వాలి. ఒళ్ళో ఉన్న గొర్రెపిల్లను అమాంతం ఎత్తి నాజిపా ఎజే చేతుల్లో పెట్టేసింది.

"అయ్యో, నాకెందుకు ఎజే? రొట్టె ముక్క ఇవ్వండి చాలు."

"ఇంత మాటకి రొట్టె ముక్కా? ఊళ్ళో నేను తలెత్తుకోవద్దూ? తీసుకో!"

"నేను ఆసుపత్రికి పోవాలి, దీన్ని ఎక్కడ పెట్టుకోను?"

"మంచం కింద కట్టేసుకో. తీసుకోమన్నానా!"

వాళ్ళిద్దరూ గొర్రెపిల్లను అటూ ఇటూ తోస్తుండగా నేను ఇంట్లోకి పరుగెత్తాను. వదిన ఉయ్యాల పక్కనే కునుకు తీస్తోంది. కళ్ళు తెరవకుండానే, "ఏంటా గోల?" అంది.

చెప్పాను. ఆమె పక్కకు తిరిగి, పిల్ల మెడ వంపులో ముఖం పెట్టుకుంది. ఆమె వీపు మాత్రమే నాకు కనబడుతోంది.

"ఎజే ముందు మీ అమ్మకే చెప్పిందా?" అంది అలాగే ఉండి.

"ఆఁ. గేటు దగ్గరే."

"మంచి పని చేసింది. ఆవిడకే ముందు చెప్పాలి." ఇటు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఏమిచ్చింది?"

"గొర్రెపిల్లని. మచ్చలదాన్ని."

"మచ్చలదాన్నా? అయ్యో, అన్నిట్లోకీ మంచిదాన్ని ఇచ్చేసిందే!" అంది వదిన, ఈసారి పైకే నవ్వుతూ, పిల్ల నిద్ర లేచేంతగా.